మూడో ఫొటో తర్వాత

ఒక ఊరు బాగుపడిందని మనకు ఎలా తెలుస్తుంది? వినడానికి ఇది కలెక్టరాఫీసులో వేసే ప్రశ్నలా ఉంటుంది. నాకు మాత్రం మొదటి నుంచీ ఇది తత్త్వశాస్త్రపు ప్రశ్నే. తెలియడం అంటే ఏమిటి, దేనివల్ల తెలుస్తుంది, తెలిసింది నిజమని ఏ ధైర్యంతో అంటాం అన్న విచారణను మన శాస్త్రాలు ప్రమాణాల పేరుతో వందల ఏళ్లు సాగించాయి. దేవుడున్నాడా, ఆత్మ ఉందా అన్న పెద్ద సంగతులకే ఆ వాదాలు పనికొస్తాయని చాలామంది అనుకుంటారు. అనంతపురం జిల్లాలో ఫలానా ఊటకుంట ఉందా, ఉంటే దానివల్ల ఎవరికైనా మేలు జరిగిందా అని తేల్చడానికి కూడా అవే కావాలని నా అనుభవం చెబుతోంది.

మా నాన్నగారు ఓరియంటల్ పాఠశాలలో సంస్కృతం చెప్పేవారు. సాయంత్రాలు ఇంటి అరుగు మీద తర్కసంగ్రహం పాఠం నడిచేది. పదిహేడో శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు రాసిన ఆ చిన్న గ్రంథంతోనే ఇప్పటికీ తర్కం చదవడం మొదలుపెడతారు. నేను చదివింది భూగోళశాస్త్రం. చేసిన పని ఊళ్ల పటాలు తయారుచేయడం. మొదట వాటర్‌షెడ్ పథకాల్లో, తర్వాత ఉపాధి హామీ పనుల్లో, ఉపగ్రహ చిత్రాల మీద చెక్‌డ్యాములు, ఊటకుంటలు, పంటకుంటలు గుర్తించేదాన్ని. వాటి చుట్టూ నీళ్లు నిలిచాయా, పచ్చదనం పెరిగిందా అని లెక్క కట్టేదాన్ని. "ఈ ఏడు ఆ మండలంలో సాగు పెరిగింది నాన్నా" అని ఇంటికొచ్చి చెబితే ఆయన అడిగేది ఒకటే: "ఏ ప్రమాణంతో తెలిసిందమ్మా?" ఆయనకు అప్పట్లో ముక్కలు ముక్కలుగా చెప్పిన సమాధానాన్ని ఇక్కడ ఒకచోట చేర్చి చెప్పాలనుకుంటున్నాను.

*

పటం చేసిన మేలు ముందుగా చెప్పాలి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోని బండ్లపల్లిలోనే మొదలైంది. ఆ తర్వాత దేశమంతటా కుంటలు, కట్టలు, కాలువలు, మట్టిరోడ్లు లెక్కకు మిక్కిలిగా తయారయ్యాయి. అవి ఎక్కడున్నాయని అడిగితే ఎం.బుక్కులో కొలతలు, ఫైల్లో సంతకాలు చూపించేవాళ్లు. పాత గుంతకే కొత్త పేరు పెట్టి బిల్లు చేసుకున్నా, తవ్వని కుంటను వరదకు పూడిపోయిందని రాసినా, దూరాన ఉన్నవాళ్లు పసిగట్టే దారి ఉండేది కాదు. 2016లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ, ఇస్రోకు చెందిన హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్‌తో కలిసి ఈ పనులకు జియోట్యాగ్ వేయించడం మొదలుపెట్టింది. పని జరిగిన చోట నిలబడి ఫోన్‌తో ఫొటో తీస్తే అక్షాంశం, రేఖాంశం, తేదీ దానితోపాటే నమోదై, భువన్ పోర్టల్లో పటం మీద ఒక చుక్కగా పడతాయి. 2017 నవంబరు నుంచి ఒక్కో పనికి మూడు ఫొటోలు అడిగారు: పని మొదలుకాక ముందు ఒకటి, జరుగుతుండగా ఒకటి, పూర్తయ్యాక ఒకటి.

తర్కశాస్త్రం లెక్కలో ఇది ప్రత్యక్షం. ప్రమాణాలన్నిటిలో మొదటిది అదే. ఢిల్లీలో కూర్చున్న మనిషి మా ఊరి కుంటను చూడగలిగాడంటే, ఆ కుంట గురించి అబద్ధం చెప్పడం ఆ మేరకు కష్టమైనట్టే. దీన్ని నేను చిన్న సంగతిగా ఎంచను. కూలిమనిషి చెమటను కాగితం మింగేయకుండా అడ్డుకున్న ఏ పరికరమైనా ధర్మానికి పనిముట్టే.

ఉపగ్రహం చూపులోనూ నాకు ఒక ఘనత కనబడుతుంది. సాధారణంగా మేం వాడే చిత్రాలు తీసే కెమెరాకు సొంత వెలుతురు లేదు. నేల మీద పడి తిరిగి పైకి లేచిన ఎండనే అది అందుకుంటుంది. ఐరోపా వాళ్ల సెంటినెల్-2 మన నెత్తి మీదికి పొద్దున పదిన్నర ప్రాంతంలో వస్తుంది. సూర్యుణ్ణి కర్మసాక్షి అని మొక్కే మనకు, దానశాసనాల్లో సూర్యచంద్రులున్నంత కాలం అని రాసుకున్న మనకు, ఆ సూర్యుడి వెలుగులోనే ఊరి పనుల లెక్క చూడటం తగిన పనే. అయితే మనం నమ్మే కర్మసాక్షికి పనితోపాటు పని వెనుక ఉన్న మనసూ, పని వల్ల పండిన ఫలమూ తెలుసు. కెమెరా చూపు నేల దగ్గరే ఆగుతుంది. తవ్విన గుంత కనిపిస్తుంది. అది ఎవరి కోసం తవ్వారో, ఎవరికి దక్కిందో కనిపించదు.

*

కుంట నుంచి ఊరి బాగు దాకా పోవాలంటే ప్రత్యక్షం చాలదు. గుర్తును బట్టి కనిపించనిదాన్ని తెలుసుకోవాలి. శాస్త్రంలో దాన్నే అనుమానం అంటారు. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పు ఉందనడం తర్కంలో మొదటి పాఠం. దాన్ని తిరగేసి చెప్పకూడదన్నది రెండో పాఠం. నిప్పు ఉన్న ప్రతిచోటా పొగ ఉండదు. కట్టె తడిగా ఉంటేనే పొగ వస్తుంది. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. కాబట్టి ఏ గుర్తును పట్టుకున్నా, దాని వెనుక చెప్పకుండా దాగిన షరతు ఏమిటో వెతకమని పెద్దలు నేర్పారు.

మా పనిలో వాడుకునే గుర్తు ఎన్‌డీవీఐ. పచ్చటి ఆకు ఎర్రటి కాంతిని తాగేస్తుంది, కంటికి కనబడని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే ఆ చోట పచ్చదనం ఎంత ఉందో ఒక అంకె వస్తుంది. కుంట తవ్వితే నీళ్లు నిలుస్తాయి, నీళ్లు నిలిస్తే పైరు పచ్చబడుతుంది, పైరు పచ్చబడితే రైతు ఇంటికి డబ్బు వస్తుంది. కాబట్టి అంకె పెరిగితే ఊరు బాగుపడినట్టు. నివేదికలు ఈ వరసలోనే రాస్తారు. ఇందులో ఒక్కో మెట్టుకు ఒక్కో తడికట్టె షరతు ఉంది.

ఒక ఊరి చెరువు పటంలో ఏప్రిల్ నెలలో కూడా దట్టంగా పచ్చగా కనిపించింది. చుట్టుపక్కలంతా ఎండిపోయిన కాలంలో అంత పచ్చదనం ఎక్కడిదో చూద్దామని వెళ్లాను. కట్ట మీద కూర్చున్న పెద్దాయన నా చేతిలోని పటం చూసి చెప్పాడు: "అది పైరు కాదు తల్లీ, కంప. దానికి వానా అక్కర్లేదు, మనమూ అక్కర్లేదు." సర్కారు తుమ్మ చెరువు కడుపంతా అల్లుకుపోయింది. వేళ్లు లోతుకు పోయే ఆ చెట్టు నడివేసవిలోనూ ఆకు రాల్చదు. చెరువులో నీళ్లు నిలవడం మానేసి ఏళ్లయితే తప్ప అది అంత ఏపుగా పెరగదు. తెర మీద మేలుగా కనబడిన రంగు, కట్ట మీద నిలబడితే చెరువు చచ్చిందని చెప్పే గుర్తు. అంకెలో తప్పు లేదు, పచ్చదనం నిజమే. దాని నుంచి పైరుకు వేసిన అడుగే నిలవదు.

మా శెనక్కాయ చేలు ఇంకా గట్టి పాఠం చెబుతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేల మాది. వాన ఎంత పడిందన్నదానికన్నా ఎప్పుడు పడిందన్నదే ఇక్కడ బతుకును తేలుస్తుంది. పూత అయ్యాక ఊడలు నేలలోకి దిగే రోజుల్లో చినుకు లేకపోతే, తర్వాత ఎంత కురిసినా చెట్టు పచ్చగా విరగబడుతుంది గాని కింద కాయ ఉండదు. అలాంటి ఏడు ఒక రైతు చెట్టును పీకి నా ముందు పెట్టాడు. "ఆకు సూసి మురిసేది యాడ మేడమ్, కింద కాయుంటే కదా" అన్నాడు. ఉపగ్రహానికి అందేది ఆకు. మా పంట ఉండేది మట్టిలో. ఆ ఏడు పశువులకు మేత దొరికింది, అప్పు తీరలేదు. అంకె మాత్రం బాగానే ఉంది.

*

కనిపించినదాని నుంచి తప్పు తీర్మానం చేయడం ఒక చిక్కు. కనిపించనిదాన్ని లేదనుకోవడం అంతకన్నా పెద్ద చిక్కు.

నేల మీద కుండ లేదని నీకెలా తెలుసు అని మీమాంసకులు అడిగారు. లేమి కంటికి తగిలే వస్తువు కాదు గదా. ఏడో శతాబ్దపు కుమారిలభట్టు దీనికి అనుపలబ్ధి అనే వేరే ప్రమాణాన్ని నిలబెట్టాడు: కనబడకపోవడం వల్ల లేదని తెలియడం. దానికి ఒక గట్టి షరతు కూడా ఉంది. ఆ వస్తువు అక్కడ ఉండి ఉంటే కనిపించి తీరేది అన్న యోగ్యత ఉండాలి. వెలుతురున్న గదిలో కుండ కనిపించకపోతే కుండ లేదనవచ్చు. చీకటి గదిలో కనిపించకపోతే అలా అనే హక్కు నీకు లేదు. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు దీన్ని వేరే ప్రమాణంగా ఒప్పుకోలేదు గాని ఈ షరతును వాళ్లూ కాదనలేదు.

ప్రతి అభివృద్ధి కార్యాలయం గోడ మీదా రాయవలసిన షరతు ఇది. సెంటినెల్-2 చిత్రంలో ఒక గడి పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. లాండ్‌శాట్‌లో ముప్పై మీటర్లు. పది మీటర్ల పంటకుంట సరిగ్గా ఒక గడిలో కూర్చుంటే సరే, నాలుగు గడుల మధ్య పడితే దేనిలోనూ కుంటలా కనిపించదు. ఖరీఫ్‌లో పైరు పెరిగే నెలల్లోనే ఆకాశం మబ్బు పట్టి ఉంటుంది, చూడవలసిన రోజుల్లోనే ఉపగ్రహానికి నేల అందదు. మే నెల చిత్రంలో ఎండిపోయి కనబడ్డ ఒక కుంట దగ్గర గొర్రెల కాపరిని అడిగితే, "సంకురాత్రి దాకా మా గొర్రెలు దీంట్లోనే తాగినాయి, శివరాత్రికి అయిపోయినాయి నీళ్లు" అన్నాడు. చిత్రం తీసిన వేళకు కుంట పని ముగిసింది. పని చేయనే లేదని రాస్తే అది చీకటి గదిలో చేసిన తీర్మానం.

ఉన్నదాన్ని చూపే చుక్క లేనిదాన్ని కప్పేయడమూ జరుగుతుంది. దేశంలో ఊళ్లన్నిటికీ కరెంటు అందిందని 2018 ఏప్రిల్ 28న ప్రకటించారు. అప్పటికి అమల్లో ఉన్న నిర్వచనం ప్రకారం ఊళ్లోని బడి, పంచాయతీ లాంటి చోట్లతోపాటు నూటికి పది ఇళ్లకు కనెక్షన్ ఉంటే ఆ ఊరికి కరెంటు ఉన్నట్టు. పటం మీద ఆ ఊరు వెలిగిన చుక్క. మిగిలిన తొంభై ఇళ్లలో చీకటి ఉన్నా ఆ చుక్క రంగు మారదు. ప్రతి ఇంటికీ ఇవ్వడానికి 2017లో సౌభాగ్య పథకం విడిగా పెట్టవలసి రావడానికి కారణం ఇదే. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో రోడ్డు గీత ఆగిపోయిన చోటి దాకా పైగూడేల గర్భిణులను డోలీ కట్టి మోసుకురావడం ఆ జిల్లా వార్తలు చదివేవాళ్లందరికీ తెలుసు. గూడెం పేరు జాబితాలో లేకపోతే ఆ డోలీ నడిచే దారికి ఏ పటంలోనూ గీత ఉండదు.

ఈ పొరపాటు కూలి మీద పడినప్పుడు అది జ్ఞానదోషంగా ఆగదు, అన్యాయం అవుతుంది. 2023 జనవరి 1 నుంచి దేశమంతటా ఉపాధి పనుల్లో హాజరును ఫోన్ యాప్‌లో, రోజుకు రెండుసార్లు స్థలంతో సహా నమోదయ్యే ఫొటోలతో వేయడం తప్పనిసరి చేశారు. దొంగ మస్టర్లను ఆపాలన్న ఉద్దేశం మంచిదే. కొండవాలులో, వంకలో సిగ్నల్ అందని చోటు ఉంటుంది. అలాంటి చోట రెండో ఫొటో ఎక్కని రోజున ఒకావిడ, తాను తవ్విన కందకంలోనే నిలబడి నన్ను అడిగింది: "పొద్దున ఫొటోలో ఉన్నా. మద్దేనం ఫొటో ఎక్కలా. ఈ గుంత దానంతటదే పడిందా మేడమ్?" కార్యం ఉంటే కారణం ఉండి తీరాలన్నది మన శాస్త్రాలన్నీ ఒప్పుకున్న మాట. కందకం కళ్లెదుట ఉంది, తవ్విన చేతులు పక్కనే ఉన్నాయి. ఫొటోలో లేదు కాబట్టి పనిలో లేదు అనడం, ఉండి ఉంటే కనిపించి తీరేది అన్న షరతు తీరకుండా చేసిన తీర్పు. కుమారిలుడి షరతు పండితుల వాదానికి పుట్టింది నిజమే. ఆవిడ ముందు నిలబడినప్పుడు అది పేదవాళ్లకు రక్షణగా పెట్టిన నియమమని నాకు అర్థమైంది.

*

ఇక మిగిలింది శబ్దం, అంటే నమ్మదగిన మనిషి చెప్పిన మాట. ప్రభుత్వ నివేదికల్లో దీనికి చోటు అడుగున ఉంటుంది. "లబ్ధిదారుల అభిప్రాయం" అని చివరి పేజీలో రెండు వాక్యాలు రాస్తారు. కొలత సత్యం, మాట అభిప్రాయం అన్న తేడా అందరి మనసుల్లో స్థిరపడిపోయింది. న్యాయదర్శనం ఆ తేడాను ఒప్పుకోదు. అక్కడ మాట అభిప్రాయం కింద లెక్క కాదు, ప్రత్యక్షం లాగే అదీ నిండు ప్రమాణం. ఆప్తుడు చెప్పిందై ఉండాలి, అంతే.

ఆప్తుడెవరు? ఉన్నదున్నట్టు చెప్పేవాడు అని అన్నంభట్టు ఒక్క ముక్కలో తేల్చాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇంకా విప్పి చెప్పాడు: విషయాన్ని తాను నేరుగా ఎరిగి, ఎరిగినట్టే తెలియజెప్పాలన్న కోరికతో మాట్లాడేవాడు ఆప్తుడు. ఆ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమని కూడా అన్నాడు. ఈ చోటికి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. పుట్టుక, చదువు, హోదా ఏవీ ఆప్తత్వాన్ని తెచ్చిపెట్టవు. ఎరుకా నిజాయితీ ఉంటే చాలు. ఆ లెక్కన తన గొర్రెలు ఏ పండగ దాకా నీళ్లు తాగాయో చెప్పిన కాపరి ఆ కుంట విషయంలో ఆప్తుడు. ఎంత చదివినా, తెర ముందు కూర్చున్న నేను ఆ విషయంలో ఆప్తురాలిని కాను.

వాత్స్యాయనుడిదే ఇంకో ఉదాహరణ మా వృత్తికి సూటిగా తగులుతుంది. అక్కడ నిప్పు ఉందని నమ్మకమైన మనిషి చెప్పగా వింటాం. దగ్గరికి పోతుంటే పొగ కనబడి నిప్పును ఊహిస్తాం. ఇంకా దగ్గరికి పోతే నిప్పునే చూస్తాం. ఒకే విషయం మీద మూడు ప్రమాణాలూ ఒకదాని వెంట ఒకటి పనిచేస్తాయి. మొదటిది మాట అన్నది గమనించాలి. మనిషి చెప్పాడు కాబట్టే అటు నడిచాం. పటాల పని మాత్రం ఇప్పుడు తలకిందులుగా నడుస్తోంది. పైనుంచి చూసి, లెక్కగట్టి, తీర్మానం రాసి, చివరికి వీలుంటే ఊరివాళ్లను అడుగుతున్నాం.

పటమూ మాటా కలిసి నడిచిన రోజులు మన నేల మీదే ఉన్నాయి. కాలిన్ మెకంజీ దక్కనులో, దత్తమండలాల్లో కొలతలు కొలిచి పటాలు గీయించాడు. 1815లో భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. అదే మనిషి ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల సాయంతో ఊరూరా కైఫియత్తులు సేకరించాడు: చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎప్పుడు కట్టారు, కరువు ఎప్పుడొచ్చింది, ఏ ఇనాము ఎవరిది. గొలుసుతో కొలిచిన దూరం పక్కన ఊరు తన గురించి చెప్పుకున్న కథ చేరింది. అయితే ఆ మాటలు ఎక్కువగా కరణాల నోటి నుంచి, పెద్దకులాల పెద్దల నుంచి వచ్చినవి. చెరువు తవ్విన కూలీ మాట అందులో వెతికినా దొరకడం కష్టం.

ఆ వెలితిని తీర్చే ప్రయత్నం మన కాలంలో జరిగింది. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభకు సామాజిక తనిఖీ చేసే అధికారం ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే ఆ పని చేపట్టి, 2009లో దానికోసం స్వతంత్ర సంస్థను ఏర్పాటు చేసి, దేశానికి దారి చూపింది. కూలీల కుటుంబాల నుంచి వచ్చిన యువకులే మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి అడిగేవాళ్లు. తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి, అందరి ఎదుట ఒక్కొక్క పనీ చదివేవాళ్లు. అలాంటి వేదిక దగ్గర షామియానా కింద కూర్చుని విన్నదాన్ని నేను ఎప్పటికీ గౌరవంతో తలుచుకుంటాను. అక్షరం రాని ఆవిడ లేచి, అధికారుల ముందు కొంగు నడుముకు చుట్టి, "ఆ వారం నేను పుట్టింట్లో ఉన్నా, నా పేరున కూలి ఎట్లొచ్చింది?" అని అడిగితే సభ అంతా నిశ్శబ్దమైపోయింది. శబ్దప్రమాణం అంటే ఏమిటో నాకు అక్కడ తెలిసినంతగా గ్రంథాల్లో తెలియలేదు.

మనుషులు అబద్ధం చెప్పరా అని తోటి ఉద్యోగులు అడిగేవారు. చెబుతారు. బిల్లు కోసం, భయం వల్ల, ఊరి పెద్ద పక్కన నిలబడితే మొహమాటం వల్ల చెబుతారు. కన్నూ మోసపోతుంది, ఎండమావిని చూసి నీళ్లంటుంది. అంతమాత్రాన ప్రత్యక్షం ప్రమాణం కాదని నైయాయికులు అనలేదు. దోషాన్ని ఎలా కనిపెట్టాలో నేర్పారు. మాటకూ అదే పద్ధతి ఉంది: చెప్పేవాళ్లకు నేరుగా తెలుసా, దాచవలసిన అవసరం ఉందా, ఇంకొకరి మాటతో, పటంతో, నేలతో పొసుగుతుందా అని చూడాలి. పటం మాటను పరీక్షించవచ్చు, మాట పటాన్ని పరీక్షించవచ్చు. ఒకటి మాత్రమే న్యాయమూర్తి, రెండోది ఎప్పుడూ నిందితుడు అన్న ఏర్పాటునే నేను ఒప్పుకోను.

*

ఇంతకూ ఊరి పనులు మన సంప్రదాయంలో ఏమిటి? యజ్ఞాలను ఇష్టమనీ, బావులు, చెరువులు, తోటలు, సత్రాలు లోకం కోసం కట్టించడాన్ని పూర్తమనీ అన్నారు. చెరువు తవ్వించడాన్ని సప్తసంతానాల్లో చేర్చి, కన్నబిడ్డతో, గుడితో, కావ్యంతో సమానంగా నిలబెట్టారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేస్తే రెండేళ్లు పట్టిందని అందులో చెక్కారు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు కూడా చెప్పారు. కట్ట ఊటలు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల ఎల్లలో ఉండటం, చెరువు మధ్యలో మెరక, నీళ్లు కొద్దిగా ఉండి ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువగా ఉండి ఆయకట్టు కొద్ది కావడం.

ఈ ఆరింటిని మళ్లీ చదవండి. చివరి రెండు దోషాలు చెరువులో లేవు, చెరువుకూ మనుషులకూ మధ్య ఉన్న పొంతనలో ఉన్నాయి. రాజ్యాల ఎల్లలో ఉండటం దోషమంటే, రేపు నీళ్ల కోసం తగువు వస్తుందని ముందే చూశారు. ఆరున్నర శతాబ్దాల కిందట చెరువును అంచనా వేసినవాళ్లు గుంత లోతును మాత్రమే లెక్కలోకి తీసుకోలేదు. అది ముందు ముందు ఎవరికి ఎలా అందుతుందో కూడా కలిపి చూశారు.

మన మూడు ఫొటోల్లో లేనిది అదే. పని ముందు, పని నడుమ, పని తర్వాత. మూడో ఫొటో ఎక్కగానే ఫైలు మూసేస్తారు. పూర్తధర్మంలో ఫలం మొదలయ్యేది ఆ తర్వాతే. మొదటి వాన పడాలి, కుంట నిండాలి, బోరులో నీటిమట్టం లేవాలి, రెండో ఏడు పూడిక చేరాలి, దాన్ని ఎవరు తీస్తారో తేలాలి. కట్టడం కన్నా పాతదాన్ని నిలబెట్టే జీర్ణోద్ధరణకు ఎక్కువ పుణ్యం చెప్పిన పెద్దల మాటలో లోకానుభవం ఉంది. కొత్త చుక్కల లెక్క పెంచడానికి అలవాటు పడ్డ వ్యవస్థకు పాత చుక్క బతికి ఉందా అని చూసే ఓపిక ఉండదు.

ఒకసారి సాటి ఉద్యోగి, భక్తి ఉన్న మనిషి, నాతో అన్నాడు: "పని చేయడం వరకే మనది మేడమ్, ఫలం మీద ఆశ వద్దని గీతలోనే ఉంది కదా." ఆ మాట మీద చాలాకాలం ఆలోచించాను. గీత వదలమన్నది నాకు రావలసిన ఫలం మీద ఆశను: నా పేరు, నా పదోన్నతి, నా జిల్లాకు మొదటి ర్యాంకు. కుంట ఫలం నాది కానే కాదు. అది కింద చేలో ఉన్న రైతుది, కాపరిది, బావి దగ్గర బిందె పట్టుకున్న మనిషిది. వాళ్లకు అందిందో లేదో చూడకుండా వెళ్లిపోవడం నిష్కామకర్మ అనిపించుకోదు. లోకసంగ్రహం కోసం పని చేయమన్న గ్రంథం, లోకానికి ఏం దక్కిందో పట్టించుకోవద్దని చెప్పదు. సొంత ఫలం మీద ఆశ నిజంగా వదిలినవాడికే ఎదుటివాడి ఫలాన్ని నిదానంగా చూసే కన్ను ఉంటుంది. అంకెలతో మెప్పు పొందాలన్న కోరిక లేనప్పుడే "ఈ కుంట ఎవరికీ పనికి రాలేదు" అని నివేదికలో రాయగలుగుతాం.

*

కాబట్టి నేను కోరేది పటాలు ఆపమని కాదు. ఇంకా సూక్ష్మమైన చిత్రాలు రావాలి, ఇంకా తరచుగా రావాలి, అందరికీ ఉచితంగా అందాలి. వాటి పక్కన మూడు ఏర్పాట్లు ఉండాలి.

మొదటిది నాలుగో నమోదు. పని పూర్తయి రెండు మూడు వానాకాలాలు గడిచాక అదే చుక్క దగ్గరికి మళ్లీ వెళ్లాలి. ఈసారి ఫొటోతోపాటు ఆ పని వాడుకునేవాళ్ల మాటను వాళ్ల గొంతులోనే రికార్డు చేయాలి. ఒక్కరిది చాలదు. కుంట కింద పొలం ఉన్నవాళ్లది, లేనివాళ్లది, పశువులు కాసేవాళ్లది, కాలనీ చివరి ఇంటివాళ్లది తీసుకోవాలి. చెప్పినవాళ్ల పేరు వాళ్లు ఒప్పుకుంటేనే పెట్టాలి, నిజం చెప్పినందుకు ఎవరూ చిక్కుల్లో పడకూడదు.

రెండోది యోగ్యత షరతు. ఏ పటం కింద అయినా ఇది దేన్ని చూడగలదు, దేన్ని చూడలేదు అని తెలుగులో రాసి ఉండాలి. గడి ఎంత, తీసిన తేదీ ఏది, మబ్బు ఎంత. చూడలేనిదాన్ని లేదని చెప్పి కూలి కోయడం, పింఛను ఆపడం, ఇల్లు రద్దు చేయడం చట్టవిరుద్ధం కావాలి. కనిపించలేదని అనేవాళ్లే, ఉండి ఉంటే కనిపించేదని రుజువు చేయాలి. ఇప్పుడు ఆ భారం ఫోన్ సిగ్నల్ లేని వంకలో నిలబడ్డ మనిషి మీద ఉంది.

మూడోది, పటం ఊరికి రావాలి. మా పనిలో తయారైన పటాలు చాలావరకు హైదరాబాదుకు, విజయవాడకు, ఢిల్లీకి వెళ్లాయి. ఏ ఊరి మీద గీశామో ఆ ఊరి గ్రామసభలో పరిచి పెట్టింది తక్కువ. పరిచిన చోట నేను చూశాను: జనం ముందు తమ చేను వెతుక్కుంటారు, తర్వాత కుంటలు లెక్కపెడతారు, ఆ తర్వాత "ఇది తప్పు, వంక ఇటు పోదు, అటు పోతాది" అని వేలు పెట్టి దిద్దుతారు. ఆడవాళ్లు నీళ్లకు పోయే దారి గీస్తారు. చూసేవాళ్లు చూడబడేవాళ్లు అన్న గీత అక్కడ చెరిగిపోతుంది.

వీటిలో దేనికీ కొత్త ఉపగ్రహం అక్కర్లేదు. ఒక నిమిషం మాటను దాచడానికి సర్వర్లో పట్టే చోటు ఒక మంచి ఫొటోకు పట్టే చోటుకు మించదు. భువన్ మీద ఇప్పటికే చుక్కలున్నాయి, ఊళ్లలో ఫోన్లున్నాయి, సామాజిక తనిఖీ ఎలా చేయాలో తెలిసిన మనుషులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. కావలసింది ఒక నిర్ణయం: తన ఊరి గురించి నిజం చెప్పే మనిషి మాటకు, ఆకాశం నుంచి తీసిన చిత్రంతో సమానమైన హోదా ఇవ్వాలన్న నిర్ణయం. మన తర్కం ఆ హోదాను వందల ఏళ్ల కిందటే ఇచ్చింది. మన చట్టం గ్రామసభ రూపంలో ఇచ్చింది. నివేదికలు రాసే మేం ఇంకా ఇవ్వవలసి ఉంది. ఇచ్చేదాకా ఈ ఊరు బాగుపడిందని మేం రాసే ప్రతి వాక్యమూ సగం ప్రమాణంతో రాసిందే అవుతుంది.